ఒక శాతం లోపు వచ్చేదాకా

పద్ధెనిమిది. మూడోసారి చూసినా పద్ధెనిమిదే.

గాజు గొట్టం కడిగాను, ఆరబెట్టాను, కొత్తగా నింపాను, లోపల బుడగ లేదని వెలుతురుకు పెట్టి చూసుకున్నాను. మా పోలారిమీటర్ పాతకాలంది. పసుపు దీపం ముందు గొట్టం పెట్టి, కన్ను ఆనించి, చక్రం తిప్పుతూ, కనిపించే రెండు సగాలూ ఒకే వెలుగుకు వచ్చే చోట ఆగి, అక్కడి డిగ్రీలు చదవాలి. ఓపిక ఉన్నవాళ్ళు చెయ్యాల్సిన పని. నాకు ఓపిక లేదన్న సంగతి మా ల్యాబులో గోడలకు కూడా తెలుసు. నా వెనకాల నన్ను చిటపటమ్మ అంటారని నాకూ తెలుసు. కానీ ఆ చక్రం దగ్గర నేను తప్పు చదవను. ఇరవై నాలుగు రావాల్సిన చోట పద్ధెనిమిది వచ్చిందంటే మూడు వందల కిలోల సరుకు చెడిపోయిందని అర్థం.

చెడిపోవడమంటే కుళ్ళిపోవడం కాదు. చూడ్డానికి బాగానే ఉంది, నీళ్ళలా తేటగా ఉంది. స్వచ్ఛత చూసే జీసీ యంత్రం దానికి తొంభై తొమ్మిదిన్నర మార్కులు వేసింది కూడా. కానీ కొన్ని అణువులు కుడిచెప్పు, ఎడమచెప్పు లాంటివి. తోలు ఒకటే, తూకం ఒకటే, కుట్టు ఒకటే, కాలికి వేసుకుంటే గాని తేడా తెలీదు. జీసీకి కాళ్ళు లేవు కాబట్టి దానికి తెలీలేదు, పోలారిమీటర్‌కు తెలిసింది. మా సరుకు కొనేవాళ్ళు దానితో గుండెజబ్బు మందు చేస్తారు. వాళ్ళకు ఒక్క ఎడమచెప్పే కావాలి, నూటికి ఒక్కటి మించి కుడిది ఉండకూడదు. పద్ధెనిమిది అంటే నూటికి పన్నెండో పదమూడో కుడిచెప్పులు. రెండూ కలిశాక ఏరడం మా వల్ల కాదు.

ఆ పద్ధతి నాది. అందుకే అంత మంట. మాకు వచ్చే ముడిసరుకు ఒక ఆల్కహాల్, దానికి ఒక చెయ్యి ఉంటుంది, కుడో ఎడమో. అందులోని ఆక్సిజన్‌ను తీసేసి ఆ చోట క్లోరిన్‌ను కూర్చోబెట్టాలి. క్లోరిన్ ఎటునుంచి వస్తుందన్నదే అసలు కథ. క్లోరిన్‌నిచ్చే థయోనైల్ క్లోరైడ్ ఒక్కటే పోస్తే ఆక్సిజన్ లేచిన వైపునుంచే క్లోరిన్ వచ్చి కూర్చుంటుంది, ఆకారం మారదు. పిరిడిన్ అనే క్షారం కూడా వేస్తే వెనకనుంచి వస్తుంది, రబ్బరు గ్లోవును లోపలిది బయటికి లాగితే ఎడమది కుడిదైనట్టు అణువు మొత్తం తిరగబడుతుంది. ఉత్త ఆమ్లంతో కాస్తే అటూ ఇటూ వచ్చి కలగాపులగమవుతుంది. మాకు కావల్సింది తిరగబడ్డది. ఇదంతా టాలుయిన్ అనే ద్రావణిలో కలిపి కాయాలి. రెండేళ్ళు కూర్చుని దాన్ని చెప్పిన మాట వినేలా చేశాను. మనుషుల్ని అలా చెయ్యలేకపోయానని మా అక్క అంటుంది, అది వేరే సంగతి.

ఎనిమిదిన్నరకు పెద్దాయన గదిలో నిలబడ్డాం. పెద్దాయన అంటే మా ఫ్యాక్టరీ హెడ్. ఒకప్పుడు మాలాగే బల్ల దగ్గర పనిచేసినవాడు. ఎదురుగా షిఫ్ట్ సూపర్‌వైజర్, అంటే మా బావ. అక్క మొగుడు. ఆయన ఇక్కడ చేరిన ఆరేళ్ళకు నేను చేరాను. ఇంట్లో ఒకరినొకరు ఆటపట్టించుకోకుండా అన్నం తినం. ఫ్యాక్టరీలో నలుగురి ముందు మాత్రం మీరు, గారు.

"రీడింగ్ పద్ధెనిమిది," అన్నాను. "సూపర్‌వైజర్ గారు ఈసారి కొత్త టాలుయిన్ వాడలేదు. వాడేసినదాన్ని మరిగించి పట్టిన పాత టాలుయిన్ వాడారు. అందులో ఏం కలిసుందో ఎవరికి తెలుసు? నా పద్ధతి ల్యాబులో నలభైసార్లు చేశాను, ఒక్కసారి కూడా ఇరవై మూడున్నర కిందికి రాలేదు."

"మేడమ్ రాసిచ్చిన పద్ధతి షీట్‌లో టాలుయిన్ అనే ఉంది సార్," అన్నాడు బావ. "కొత్తదే వాడాలని లేదు."

"లాగ్‌లో ఇంకేమైనా తేడా ఉందా?" అని అడిగాడు పెద్దాయన.

బావ చేతిలోని లాగ్ పుస్తకం తెరిచాడు. "కాచడం ఎక్కువసేపు పట్టింది. తొమ్మిది గంటలు."

"తొమ్మిదా?" అన్నాను. "నాలుగు దాటితే నన్ను అడిగి, నా సంతకం తీసుకోవాలని షీట్‌లో ఉంది. నన్నెవరూ అడగలేదు."

బావ నా వైపు చూశాడు. ఏదో అంటాడనుకున్నాను. లాగ్ పుస్తకం మూసేశాడు.

"అయినా కాచడం కాదు సార్ సమస్య," అన్నాను. "ఒకసారి తిరగబడ్డ అణువు మళ్ళీ తిరగబడదు. ఆ నాలుగు గంటల వాక్యం అన్ని షీట్లలోనూ ఉండేదే. సమస్య టాలుయిన్."

పెద్దాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. మార్చిలో ఒక వాల్వు తెరిచి మర్చిపోయినందుకు బావకు ఒక మెమో ఉంది. రెండోది పడితే ఇంటికే, అది ఇక్కడి రూలు. ముగ్గురికీ తెలిసిన విషయమే కాబట్టి ఎవరూ పైకి అనలేదు. ఇంకోటి కూడా అందరికీ తెలుసు. ల్యాబ్ హెడ్ కుర్చీ ఖాళీగా ఉంది, వచ్చే సోమవారం అందులో నేను కూర్చోవాలి.

"ఐదింటికి కొనేవాళ్ళ ఫోన్ వస్తుంది," అన్నాడు పెద్దాయన. "నాలుగింటికల్లా కారణం కాగితం మీద కావాలి. ఊహలొద్దు, చేసి చూపించండి."

బయటికొచ్చాక బావ నాకంటే ముందు మెట్లు దిగిపోయాడు. ఎప్పుడూ ఆగేవాడు. నాకు చివుక్కుమంది, ఆ వెంటనే చివుక్కుమన్నందుకు ఒళ్ళు మండింది. తప్పు చేసింది ఆయనా, మొహం మాడ్చుకునేదీ ఆయనేనా?

ల్యాబులో నా పక్క బల్ల ఆవిడను మేం నిదానం అని పిలుస్తాం. మొహం మీద కాదు. నాకంటే ఎనిమిదేళ్ళు పెద్దది, పదోన్నతి అడగడం కూడా నిదానంగానే అడిగింది కాబట్టి రాలేదు. ఆవిణ్ణి పిలిచి రెండు ఫ్లాస్కులు పెట్టించాను. అదే ఆల్కహాల్, అదే పిరిడిన్, అదే వేడి. మొదటి దాంట్లో కొత్త టాలుయిన్, రెండో దాంట్లో బావ షెడ్డులోంచి తెప్పించిన పాత టాలుయిన్. తొమ్మిదికల్లా రెండూ ఎక్కాయి. థయోనైల్ క్లోరైడ్ చుక్కచుక్కగా పడుతుంటే తెల్లటి పొగ గొట్టంలోకి పాక్కుంటూ పోయింది. ఆ ఘాటు ముక్కుకు తగిలితే రోజంతా వదలదు.

ఇక చెయ్యాల్సింది ఏమీ లేదు, ఆగడం తప్ప. నాకు ఆగడం రాదు. కిటికీ దాకా వెళ్ళాను, వచ్చాను. సింకులో ఎవరో వదిలేసిన బీకర్లు కడిగాను. కడిగినవాటిని మళ్ళీ కడిగాను. లేబుళ్ళు వంకరగా ఉన్నాయని పీకి తిన్నగా అంటించాను. నిదానం ఒక స్టూలు మీద కూర్చుని, ఉష్ణమాపకం వైపు చూస్తూ, పది నిమిషాలకోసారి ఒక అంకె రాసుకుంటోంది. నిదానమే ప్రధానం అంటారు, ఆలస్యం అమృతం విషం అని కూడా అంటారు. పెద్దవాళ్ళు రెండూ అనేసి చేతులు దులుపుకున్నారు.

పదిన్నరకు అక్క ఫోన్ చేసింది.

"మీ బావ పొద్దున ఏమీ తినకుండా వెళ్ళాడే. రాత్రంతా అటూ ఇటూ దొర్లాడు. ఏమైందంటే ఏం లేదంటాడు. నీకేమన్నా తెలుసా?"

"పనిలో ఉన్నానే, తర్వాత మాట్లాడతా."

"నువ్వెప్పుడూ పనిలోనే ఉంటావు. ఒక్క మాట చెప్పు. మళ్ళీ మెమో లాంటిదేమీ కాదు కదా? ఈసారి తీసేస్తే ఈ వయసులో ఆయన్ని ఎవరు పెట్టుకుంటారు?"

"నాకు తెలీదన్నానా," అన్నాను. గొంతు పెరిగింది. అక్క ఇంకేమీ అడగకుండా పెట్టేసింది. నేను ఫోన్‌ను బల్ల మీద పడేసి చేతులు చూసుకున్నాను, గ్లోవులు తొడుక్కునే ఫోనెత్తాను. ఇంకొకరు ఆ పని చేస్తే చెడామడా తిట్టేదాన్ని.

పన్నెండుకు మొదటి ఫ్లాస్కులో మిగిలిన ఆల్కహాల్ ఒక శాతం లోపుకు దిగింది, షీట్ ప్రకారం ఇక దించెయ్యొచ్చు. సగం బయటికి తీయించి, కడిగించి, రీడింగ్ చూశాను. ఇరవై మూడు పాయింట్ ఎనిమిది. నా పద్ధతి బంగారంలా ఉంది. ఒక్క నిమిషం పాటు లోకంలో అందరూ నాకు మంచివాళ్ళుగా కనిపించారు.

రెండోది మాత్రం రెండు శాతం దగ్గర మొండికేసింది. పాత టాలుయిన్‌లో కాస్త తేమ ఉంటుంది, అది కొంత థయోనైల్ క్లోరైడ్‌ను మింగేస్తుంది, చివరి రెండు శాతానికి సరిపోకుండా పోతుంది. వింతేమీ కాదు. నేను కాగితం మీద పెద్దాయనకు ఇవ్వాల్సిన నివేదిక మొదలుపెట్టాను. "పాత టాలుయిన్ వాడకం వల్ల" అని మొదటి వాక్యం రాసేశాను.

"మేడమ్," అంది నిదానం వెనకనుంచి. "రెండోది రెండు దగ్గరే ఆగింది. మూడు గంటలైంది. దించేద్దామా?"

"ఒక శాతం లోపు వచ్చేదాకా ఉంచండి," అన్నాను తలెత్తకుండా.

"అంటే, మొదటిది మూడు గంటలకే…"

"నేను చెప్పింది వినపడిందా లేదా?"

వినపడింది. ఆవిడ వెళ్ళి స్టూలు మీద కూర్చుంది.

రెండింటికి అది ఒకటి లోపుకు వచ్చింది. దించి, కడిగి, ఆరబెట్టి, గొట్టంలో నింపి, కన్ను ఆనించాను. ఇరవై ఒకటిన్నర. మళ్ళీ చూశాను. ఇరవై ఒకటిన్నరే. ఎంత సంతోషం వేసిందో చెప్పడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది. అదే పని, అదే వేడి, ఒక్క టాలుయిన్ తేడా, రెండు డిగ్రీలకు పైగా పడిపోయింది. దొంగ దొరికాడు. నివేదికలో అంకెలు నింపేసి, కోటు కూడా విప్పకుండా, కాలుగాలిన పిల్లిలా షెడ్డు వైపు పరిగెత్తాను. పెద్దాయన గదికి పోవాల్సింది. కానీ ముందు బావకు చూపించాలనిపించింది. ఎందుకో అడిగితే చెప్పలేను. ఓడించానని చూపించాలనే అనుకుంటాను.

బావ మూడో రియాక్టర్ పక్కన చిన్న బల్ల మీద లాగ్ పుస్తకం తెరుచుకుని కూర్చున్నాడు. భోజనం డబ్బా మూత కూడా తియ్యకుండా పక్కన ఉంది. పంపుల చప్పుడులో గట్టిగా మాట్లాడాల్సి వచ్చింది.

"దొరికింది బావా. నీ టాలుయినే."

కాగితం అందుకుని రెండు రీడింగులూ చూశాడు. "సరే," అన్నాడు.

"సరే ఏంటి? ఏదో ఒకటి అనవా?"

"ఏమనమంటావు? లెక్క తేలింది కదా. ఇచ్చెయ్ పెద్దాయనకి."

"నీ ఉద్యోగం పోతుంది."

"తెలుసు."

"నీకు కోపం రావడం లేదా?"

"మన ఇంటికంతటికీ సరిపడా నీ దగ్గరుందిగా," అన్నాడు. నవ్వడానికి ప్రయత్నించాడు గాని సగంలో వదిలేశాడు. "మరదలా, అక్కకు నువ్వు చెప్పొద్దు. నేను చెప్పుకుంటా."

ఆ మాట నన్ను కాస్త ఆపింది. గెలిచినవాళ్ళకు ఉండాల్సిన తేలిక నాకు రాలేదు. పొద్దున పెద్దాయన గదిలో ఆయన నా వైపు చూసిన చూపు ఒకటి ఉంది, అది ఏదో అడిగిన చూపు. దాన్ని పక్కకు తోసి ల్యాబుకు వచ్చాను, నివేదిక మీద సంతకం పెట్టడం మిగిలింది కాబట్టి.

నిదానం పోలారిమీటర్ దగ్గర నిలబడి ఉంది. ఆవిడ ఆ యంత్రాన్ని సాధారణంగా ముట్టుకోదు. నేను ముట్టుకోనివ్వను.

"ఏం చేస్తున్నారు?"

ఆవిడ చేతిలో గొట్టం ఉంది. "మేడమ్, కోప్పడనంటే ఒక మాట."

"చెప్పండి."

"మొదటి ఫ్లాస్కులో సగమే కదా మీరు తీయించింది. మిగతా సగం నేను పారబొయ్యలేదు. వేడి మీదే ఉంచాను. రెండో దాన్ని దించినప్పుడే దాన్నీ దించాను." గొట్టం నాకు ఇచ్చింది. "మీరే చూడండి. నేను సరిగ్గా చదివానో లేదో."

చక్రం తిప్పాను. ఇరవై ఒకటి పాయింట్ ఆరు. కొత్త టాలుయిన్. ఒక్క చుక్క కూడా పాతది కలవని టాలుయిన్. తేడా ఒక్కటే, రెండు గంటలు ఎక్కువ వేడి.

కుర్చీ ఎక్కడుందో చూసుకోకుండా కూర్చున్నాను. అణువు ఒకసారి తిరగబడితే మళ్ళీ తిరగబడదని పొద్దున అంత గట్టిగా చెప్పాను. ఎందుకు తిరగబడదు? పని అయిపోయాక ఆ ఫ్లాస్కులో ఏం మిగులుతుంది? పిరిడిన్ పట్టుకున్న ఆమ్లం, దాంతో పాటు దండిగా క్లోరైడ్. ఆ క్లోరైడ్ ఖాళీగా కూర్చోదు. వేడిగా ఉన్నంతసేపూ అప్పటికే కుదురుకున్న అణువు దగ్గరికి వెనకనుంచి వచ్చి, లోపలున్న క్లోరిన్‌ను బయటికి నెట్టి తాను కూర్చుంటుంది. పేరు మారదు, తూకం మారదు, చెయ్యి మారిపోతుంది. చివరి ఒక్క శాతం కోసం కాస్తూ పోతే, ముందు బాగుపడ్డ తొంభై తొమ్మిదినీ కొంచెం కొంచెంగా పాడుచేసుకుంటూ పోతాం. మూడు గంటలకు దించేస్తే మిగిలేది రెండు శాతం ఆల్కహాల్, తర్వాత తేలిగ్గా కడిగేయొచ్చు. కాలేజీ పిల్లలకు కూడా తెలిసిన రసాయనం ఇది. ల్యాబులో నాది ఎప్పుడూ మూడు గంటల్లో అయిపోయేది కాబట్టి నలభైసార్లలో ఒక్కసారి కూడా నాకు కనబడలేదు.

"ముందే ఎందుకు చెప్పలేదు?" అన్నాను.

"చెప్పబోయాను. పన్నెండింటికి." ఆవిడ నేల వైపు చూసింది. "ఒక శాతం లోపు వచ్చేదాకా ఉంచమన్నారు."

ఒక శాతం లోపు వచ్చేదాకా ఉంచు. ఆ మాట ఇవాళ మొదటిసారి అన్నది కాదు. నా నోట అది అంతకుముందే వచ్చింది, వేరే చోట, ఫోన్ భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని. మంగళవారం. ల్యాబ్ హెడ్ ఇంటర్వ్యూ కోసం స్లైడ్లు చేసుకుంటున్నాను, ఒక గ్రాఫులో రంగు కుదరక విసుగ్గా ఉంది. బావ గొంతు, వెనకాల పంపుల చప్పుడు. "అమ్మాయ్, ఇది రెండు దగ్గర ఆగిపోయింది, నాలుగు గంటలైంది. దించేయమంటావా?" నేనేమన్నానో ఇప్పుడు పూర్తిగా వినపడింది. "షీట్ చదవడం రాదా బావా, ఒక శాతం లోపు వచ్చేదాకా ఉంచు." పెట్టేశాను. పెట్టేసిన మరుక్షణం మర్చిపోయాను కూడా, గ్రాఫుకు నీలం రంగు బాగుంటుందని తోచింది కాబట్టి.

ఫోన్ తీసి చూశాను. మంగళవారం, మధ్యాహ్నం మూడూ పది. బావ. ముప్పై ఎనిమిది సెకన్లు.

నన్నెవరూ అడగలేదని అందరి ముందూ చెప్పాను. అబద్ధమని తెలిసి చెప్పలేదు. కానీ ఆయనకు అది అబద్ధంగానే వినపడి ఉంటుంది, పైగా నోరు మెదపలేదు. నాలుగుకు పది నిమిషాలుంది. నివేదిక చింపి బుట్టలో వేశాను. నిదానం రాసుకున్న అంకెల కాగితం, నా ఫోనూ పట్టుకుని మెట్లెక్కాను. సగం మెట్ల మీద ఆగి వెనక్కి దిగాను.

"మీరూ రండి," అన్నాను నిదానంతో. "మీరు చేసింది మీరే చెప్పాలి."

పెద్దాయన గదిలో బావ అప్పటికే కూర్చుని ఉన్నాడు. బల్ల మీద ఆయన చేతిరాతతో ఒక కాగితం. తలకిందులుగా ఉన్నా చదవగలిగాను. కాచే సమయం పొడిగించడం నా సొంత నిర్ణయం, ఎవరి అనుమతీ తీసుకోలేదు.

ముందు నిదానం మూడు రీడింగులూ చెప్పింది. చిన్నగా, వరసగా, ఒక్క అంకె తడబడకుండా. పెద్దాయన మధ్యలో తలూపడం మొదలుపెట్టాడు, రసాయనం ఆయనకు ఇంకా గుర్తుంది. తర్వాత నేను మంగళవారం ఫోన్ సంగతి చెప్పాను. ఏమన్నానో అక్షరం పొల్లుపోకుండా చెప్పాను.

పెద్దాయన బావ వైపు తిరిగాడు. "నిజమేనా?"

"ఫోన్ చేసింది నిజమే సార్," అన్నాడు బావ. "ఇంటి విషయం మాట్లాడాను."

"బావా."

"ఇంటి విషయమే," అన్నాడు మళ్ళీ, నా వైపు చూడకుండా.

పెద్దాయన నన్ను చూసి నిట్టూర్చాడు. "చూడమ్మా. పొద్దున మీరు చెప్పింది కోపంలో చెప్పారు. ఇప్పుడు చెప్పేది చుట్టరికంలో చెబుతున్నారు. రెండిట్లో ఒకటి నమ్మాలంటే నేను కోపాన్నే నమ్ముతాను. అప్పుడు మీకు అక్క గుర్తులేదు."

నాకు ఏడుపొచ్చింది, అది కోపం లాగే వచ్చింది. ఫోన్ ఆయన ముందు పెట్టాను. ముప్పై ఎనిమిది సెకన్లలో ఏం మాట్లాడారో ఫోన్ చెప్పదన్నాడు. అదీ నిజమే. నా మాటకు విలువ లేకుండా చేసింది నా మాటే. ఎవరు తీసిన గోతిలో వాళ్ళే పడతారంటారు, నేను తీసిన గోతిలో మా బావ కూర్చుని ఉన్నాడు, పైగా మట్టి కూడా తానే వేసుకుంటున్నాడు.

అలమారలో ఆలస్యపు నమోదు ఫారాలు ఉంటాయి. అప్పుడు రాయాల్సింది అప్పుడు రాయనప్పుడు, పాత తేదీ వెయ్యకుండా, ఇవాళ్టి తేదీతోనే నిజం రాసుకునే కాగితం. పాత తేదీ వెయ్యడం మా వృత్తిలో దొంగతనంతో సమానం. ఒకటి లాగి నిలబడే రాశాను. ఏం చెప్పాను, ఎప్పుడు చెప్పాను, ఎవరికి చెప్పాను. సంతకం పెట్టాను.

"దీనికి ఇద్దరి సంతకాలూ కావాలి," అన్నాడు పెద్దాయన. "చెప్పినవాళ్ళదీ, విన్నవాళ్ళదీ. ఆయన పెట్టకపోతే ఇది చిత్తుకాగితం. పెడితే మెమో ఆయనకు రాదు. మీకు వస్తుంది. సోమవారం సంగతి మర్చిపోవాలి."

"తెలుసు సార్."

"నేను పెట్టను," అన్నాడు బావ. "రెండేళ్ళు కష్టపడింది సార్. నాకు ఇంకెన్నేళ్ళుంది సర్వీసు."

ఆయన పక్క కుర్చీలో కూర్చున్నాను. ఫ్యాక్టరీలో ఆయన పక్కన కూర్చోవడం అదే మొదటిసారి. "బావా, నా గురించి వదిలెయ్. అక్క గురించి కూడా వదిలెయ్. నువ్వు పెట్టకపోతే ఇది నీ తప్పని పుస్తకంలోకి ఎక్కుతుంది. నా షీట్ మాత్రం అలాగే ఉంటుంది. వచ్చే వారం ఇంకో షిఫ్ట్‌లో ఇంకొకరికి రెండు దగ్గర ఆగుతుంది. వాళ్ళు నాకు ఫోన్ చేస్తారు. నేను ఇదే మాట అంటాను."

బావ ఆ ఫారం దగ్గరికి లాక్కుని మొదటినుంచి చదివాడు. పెద్దాయన గడియారం చూసుకున్నాడు. చివరికి బావ జేబులోంచి పెన్ను తీశాడు. విన్నవాళ్ళ గడిలో సంతకం పెట్టాడు. దాని కింద ఇంకో గడి ఉంది, ఆ ఫారం నింపినవాళ్ళందరూ ఏదో ఒకటి గీకి వదిలేసే గడి. అనుమతిని అప్పుడే రాతలో ఎందుకు తీసుకోలేదు? పని ఒత్తిడి అని రాస్తారు అందరూ. బావ అక్కడ పెన్ను ఆనించి ఆగాడు. తర్వాత ఒకే ఒక వాక్యం రాసి, కాగితాన్ని పెద్దాయన వైపు జరిపాడు.

పెద్దాయన పైకి చదివాడు. "ఇంతసేపు కాస్తే చెడుతుందేమోనని అనుమానం వచ్చింది, కానీ మళ్ళీ అడగడానికి భయపడ్డాను." కళ్ళజోడు మీదుగా చూశాడు. "ఎవరంటే భయం?"

బావ గోడ వైపు చూస్తున్నాడు. గుమ్మం దగ్గర నిదానం కూడా తల దించుకుంది.

"నేనంటే, సార్," అన్నాను.

పెద్దాయన కాగితం నా వైపు తిప్పాడు. ఆ గడిలో రాసింది ఒప్పుకుంటే రెండోవాళ్ళు పక్కన పొడి సంతకం చెయ్యాలి, అదీ రూలే. చేశాను.